తిరుపతి నుంచి తొలి క్రూయిజ్: తక్కువ ఖర్చుతో వెళ్లాలనుకునే జంటలు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు వాళ్లకి సముద్రం దూరమేమీ కాదు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా చెన్నై రేవు దగ్గర ఉండొచ్చు. అయినా నౌకలో సరదాగా తిరిగి రావడమంటే డబ్బున్నవాళ్ల వ్యవహారమనే అనుకుంటాం. అందులో సగమే నిజం. ప్రకటనలో కనిపించే టికెట్ ధర ఒక్కటే చూసుకుని బయల్దేరితే ఖర్చు చేయి దాటిపోతుంది. ఇంటి గడప దాటినప్పటి నుంచి తిరిగి గడప తొక్కేదాకా మొత్తం లెక్క ముందే వేసుకుంటే మామూలు జీతగాళ్లకీ కుదురుతుంది. కింది జవాబులన్నీ ఆ లెక్క చుట్టూ తిరిగేవే.

మాకు దగ్గర్లో క్రూయిజ్ ఎక్కడ ఎక్కొచ్చు?

అన్నిటికన్నా దగ్గర చెన్నై. తర్వాత విశాఖపట్నం, కొచ్చి, ముంబై. మన రేవుల నుంచి నడిచే క్రూయిజ్‌లలో ఎక్కువగా వినిపించే పేరు కార్డేలియా అనే సంస్థది. వాళ్ల ఎంప్రెస్ నౌక 1990లో కట్టింది. మొదట రాయల్ కరీబియన్ అనే విదేశీ సంస్థ కింద తిరిగి, 2021 సెప్టెంబరులో ఇక్కడ మొదలైంది. పదకొండు అంతస్తులు, సుమారు 1,800 మంది పడతారు. ఇంటర్నెట్‌లో కనిపించే పెద్ద పెద్ద విదేశీ నౌకలతో పోలిస్తే ఇది చిన్నదీ పాతదీ. నీళ్ల జారుడుబల్లలు, ఐస్ రింకులు ఊహించుకుని ఎక్కితే నిరాశే. రెండు మూడు రోజులు సముద్రం చూస్తూ, తిని, నిద్రపోయి, సాయంత్రం ఒక షో చూసి రావడానికైతే చాలు.

చెన్నై నుంచి శ్రీలంక వైపు యాత్రలు 2023లో మొదలయ్యాయి. విశాఖలో అదే ఏడాది ప్రత్యేకంగా క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. ఏ నౌక ఏ నెలలో ఏ రేవు నుంచి బయల్దేరుతుందన్నది ఏటా మారుతుంది కాబట్టి, పోయినేడు మీ కొలీగ్ పెట్టిన ఫొటోలు చూసి సెలవు పెట్టేయకండి. ముందు సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఈ ఏటి తేదీలు చూడండి.

ఏ నెలల్లో వెళ్తే మంచిది?

నైరుతి రుతుపవనాలప్పుడు, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అరేబియా సముద్రం బాగా అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ రోజుల్లో ముంబై వైపు తిరిగే నౌకను తూర్పు తీరానికి తేవడం పరిపాటి. మనకి కలిసొచ్చే కాలం అదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల భయం. పైగా దసరా, దీపావళి, క్రిస్మస్ సెలవులకి రేట్లు ఆకాశంలో ఉంటాయి.

ఒక చిక్కుంది. ఈ జూన్, జూలైలలోనే ఆషాఢమూ వస్తుంది. కొత్త కోడలు పుట్టింట్లో ఉండాల్సిన నెలలో హనీమూన్ క్రూయిజ్ బుక్ చేసి, ఆ తర్వాత ఇంట్లో చెప్పి టికెట్ రద్దు చేసుకోకండి. రద్దు ఖర్చు మీ జేబుకే చిల్లు.

తొలిసారి ఎన్ని రాత్రులు వెళ్లాలి?

రెండు లేదా మూడు. అంతకన్నా ఎక్కువ వద్దు. నౌక ఊపు మీ ఒంటికి పడుతుందో లేదో, చిన్న గదిలో ఇద్దరికీ ఎంత ఓపిక ఉందో తెలియకుండా వారం రోజులు బుక్ చేయడం అనవసర సాహసం. ఒక్క రాత్రి యాత్రలూ అప్పుడప్పుడు ఉంటాయి. కానీ చెన్నై ప్రయాణం, చెకిన్ క్యూ, దిగేటప్పటి హడావుడి ఎన్ని రాత్రులకైనా ఒకటే. ఒక్క రాత్రి కోసం అంత అలిసిపోవడం దండగ.

మొత్తం ఖర్చు ఎలా లెక్క వేసుకోవాలి?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మొదటగా గుర్తుంచుకోవాల్సింది, ప్రకటనలో వేసే ధర ఒక్కరికి, అదీ ఇద్దరు ఒక గదిలో ఉంటారన్న లెక్కన. రెండోది, "నుంచి" అన్న ముక్క. "20,000 నుంచి" అంటే అన్నిటికన్నా చవకైన తేదీన, కిటికీ లేని గదికి అని అర్థం. మూడోది, దాని మీద రేవు ఛార్జీలు, సర్వీస్ ఛార్జీ, జీఎస్టీ పడతాయి. కొన్ని సంస్థలు వీటిని ధరలో కలిపి చూపిస్తాయి, కొన్ని చివరి పేజీలో చూపిస్తాయి. చివరి పేజీ దాకా వెళ్లి, కార్డు నంబరు అడిగే చోట ఆగి, అక్కడ కనిపించే అంకె రాసుకోండి. అదే అసలు టికెట్ ధర.

ఉదాహరణకి ఒక ఊహా లెక్క. ఇవి ఈ రోజు రేట్లు కావు, పద్ధతి తెలియడం కోసం వేసినవి. రెండు రాత్రుల యాత్ర, ఒక్కరికి 20,000. ఇద్దరికి 40,000. రేవు ఛార్జీలు, పన్నులు, సర్వీస్ ఛార్జీ కలిపి 10,000 అనుకోండి. తిరుపతి నుంచి చెన్నైకి ఇద్దరూ వెళ్లి రావడానికి, ఆటోలతో సహా 2,000. ముందు రాత్రి చెన్నైలో గది, భోజనం 3,500. నౌకలో విడిగా కొనే కాఫీలు, కూల్‌డ్రింకులు, ఫొటోలకి 5,000. రేవులో దిగి తిరగడానికి ఇంకో 5,000. ఇప్పటికి 65,500 అయింది. అనుకోని ఖర్చుకి పదోవంతు, అంటే 6,500 పక్కన పెడితే మొత్తం 72,000. ఒక్కరికి 20 వేలని చూసి మనసులో 40 వేలు అనుకున్నది ఇద్దరికి 72 వేలైంది.

అందుకే నేను చెప్పే పద్ధతి తలకిందులుగా ఉంటుంది. ముందు ఇద్దరూ కూర్చుని, అప్పు చేయకుండా ఎంత పెట్టగలరో ఒక అంకె అనుకోండి. అందులో సగానికి కొంచెం పైన ఎంతవుతుందో అంతలోపే ప్రకటన ధర ఇద్దరికీ కలిపి ఉండాలి. మీ అంకె 60,000 అయితే ఒక్కరికి 16, 17 వేలు దాటిన ప్రకటనల వైపు చూడనే వద్దు. చూస్తే మనసు లాగుతుంది. విదేశీ యాత్ర అయితే వీసా, విమానం ఉంటాయి కాబట్టి ఈ లెక్క ఇంకా బిగుతుగా వేయాలి.

ఈఎంఐ ఇస్తామంటారు. రెండు రాత్రుల సరదాకి పన్నెండు నెలల వాయిదాలు కట్టడం నాకైతే నచ్చదు. ఆ పన్నెండు నెలలూ ముందే రికరింగ్ డిపాజిట్ వేసి, చేతిలో డబ్బుతో వెళ్లండి.

ఏ గది తీసుకోవాలి? బాల్కనీ ఉంటే బాగుంటుంది కదా?

బాగుంటుంది, కాదనను. కానీ బడ్జెట్ జంటకి లోపలి గది, అంటే ఇన్‌సైడ్ క్యాబినే నా సలహా. కిటికీ ఉండదు. లైటు ఆర్పితే మధ్యాహ్నం పన్నెండింటికీ అర్ధరాత్రే. గది మామూలు లాడ్జి గదికన్నా చిన్నది, స్నానాల గది మరీ చిన్నది. అయినా రెండు మూడు రోజుల యాత్రలో గదిలో ఉండేది నిద్రపోయేటప్పుడూ బట్టలు మార్చుకునేటప్పుడూ మాత్రమే. సముద్రం పై డెక్ మీద అందరికీ ఉచితం. తిండి, షోలు, ఈతకొలను లోపలి గదివాళ్లకీ ఖరీదైన సూట్ గదుల వాళ్లకీ దాదాపు ఒకటే.

మూసి ఉన్న చోట్లంటే ఊపిరాడని వాళ్లుంటే మాత్రం పీనాసితనం చేయకండి, కిటికీ ఉన్న సీ వ్యూ గది తీసుకోండి. ఎంప్రెస్ లాంటి పాత నౌకలో బాల్కనీ గదులు కొన్నే ఉంటాయి కాబట్టి వాటి ధరా అలాగే ఉంటుంది.

నౌక మధ్యలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. ముందు భాగంలో, పై అంతస్తుల్లో ఎక్కువ. గది నంబరు ఎంచుకునే వీలుంటే డెక్ పటం తెరిచి, మీ గదికి పైనా కిందా ఏముందో చూడండి. నెత్తి మీద డ్యాన్స్ ఫ్లోర్ ఉంటే రాత్రి రెండింటిదాకా నిద్ర ఉండదు. పైనా కిందా గదులే ఉన్న అంతస్తు మేలు. గది నంబరు సంస్థే ఇచ్చే పద్ధతిలో తీసుకుంటే ధర కాస్త తగ్గుతుంది, కానీ ఏ మూల వచ్చినా నోరెత్తకూడదు.

ఎప్పుడు బుక్ చేస్తే తక్కువకి వస్తుంది?

తేదీల విషయంలో పట్టుదల లేనివాళ్లకే తక్కువ రేట్లు. శుక్ర, శని, ఆదివారాలు కలిసే యాత్రకన్నా సోమవారం బయల్దేరేది సాధారణంగా చవక. బడులు తెరిచిన తర్వాతి వారాలు, పరీక్షల రోజులు ఇంకా మేలు. పిల్లలు లేని జంటకి ఇది పెద్ద వరం. చివరి నిమిషంలో ధర పడుతుందని కాచుకుని కూర్చోవడం చెన్నై యాత్రల వరకు ఒక ఎత్తు. సింగపూర్ నుంచి ఎక్కేదైతే, నౌక ధర తగ్గే సరికి విమానం ధర పెరిగి కూర్చుంటుంది.

ఏజెంట్ దగ్గర కొనాలా, నేరుగానా?

ముందు నేరుగా ధర చూసుకుని, తర్వాత ఏజెంట్‌ని అడగండి. మంచి ఏజెంట్ వల్ల వీసా కాగితాల దగ్గర, గది మార్పిడి దగ్గర టెన్షన్ తగ్గుతుంది. డబ్బు వ్యక్తిగత ఫోన్‌పే నంబరుకి పంపమంటే మాత్రం అక్కడే ఆగండి. రసీదు, బుకింగ్ నంబరు చేతికొచ్చాక ఆ నంబరు సంస్థ కస్టమర్ కేర్‌కి చెప్పి, మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయో లేదో కనుక్కోండి. రద్దు నిబంధనలు రాతపూర్వకంగా తీసుకోండి. ప్రయాణ తేదీ దగ్గర పడేకొద్దీ కోత పెరుగుతూ, చివరి రోజుల్లో రూపాయి కూడా రాని పద్ధతే ఎక్కువ చోట్ల ఉంది.

పాస్‌పోర్ట్ తప్పనిసరా?

చెన్నై నుంచి విశాఖ, పుదుచ్చేరి లాంటి దేశంలోపలి యాత్రకి అక్కర్లేదు. ఆధార్, ఓటరు కార్డు లాంటి ప్రభుత్వ గుర్తింపు కార్డు సరిపోతుంది. లక్షద్వీప్‌కి అనుమతి కావాలి. దాని సంగతి సాధారణంగా క్రూయిజ్ సంస్థే చూస్తుంది, అడిగిన వివరాలు గడువులోగా పంపితే చాలు.

శ్రీలంకలో ఆగే యాత్రకి పాస్‌పోర్ట్ ఉండాలి, ఆరు నెలలకి పైగా గడువు మిగిలి ఉండాలి. ఎక్కేది మన చెన్నైలోనే అయినా ఇమ్మిగ్రేషన్ ముద్ర పడుతుంది. శ్రీలంక వీసా నిబంధనలు, రుసుములు ఈమధ్య చాలాసార్లు మారాయి కాబట్టి బుక్ చేసే రోజున సంస్థని అడగండి.

పాస్‌పోర్ట్ లేనివాళ్లకి తిరుపతిలోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్ ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే అదనంగా 2,000. తత్కాల్ మీద ఆశ పెట్టుకుని క్రూయిజ్ ముందే బుక్ చేయకండి. పోలీస్ వెరిఫికేషన్‌కి వచ్చినప్పుడు మీరు ఊళ్లో లేకపోయినా, అద్దె ఇంటి చిరునామా తేడా వచ్చినా వారాలు గడిచిపోతాయి. పాస్‌పోర్ట్ చేతికొచ్చాకే టికెట్ డబ్బులు కట్టాలి.

ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంది. పెళ్లయ్యాక పేరు మార్చుకోలేదు. ఇబ్బందా?

పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకోకపోవడం ఇబ్బందే కాదు. ఇద్దరికీ వేర్వేరు ఇంటిపేర్లున్నా గది ఇస్తారు. అసలు ఇబ్బంది పొడి అక్షరాలతోనే. మనకి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. ఫారాల్లో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుంటాయి. ఏది ఎందులో వేయాలో తికమకపడి, ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా నింపుతాం. విదేశీ యాత్రకి పాస్‌పోర్ట్‌లో ఏ గడిలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అలాగే వేయండి. దేశంలోపలి యాత్రకి, మీరు చూపించబోయే కార్డులో ఉన్నట్టే వేయండి. విమానం టికెట్, క్రూయిజ్ టికెట్, వీసా మూడింటిలో పేరు ఒక్కలాగే ఉండాలి.

తిరుపతి నుంచి చెన్నై రేవుకి ఎలా వెళ్లాలి?

తిరుపతి నుంచి చెన్నై సెంట్రల్‌కి సప్తగిరి, గరుడాద్రి లాంటి రైళ్లున్నాయి. ఆర్టీసీ బస్సులు రోజంతా ఉంటాయి. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా సుమారు 140 కిలోమీటర్లు. బస్సులో మూడున్నర నుంచి నాలుగు గంటలు. చెన్నై ఊళ్లోకి వెళ్లాక ట్రాఫిక్ ఎంత తింటుందో ఎవరూ చెప్పలేరు. చిత్తూరు వాళ్లు కాట్పాడి జంక్షన్‌కి వెళ్తే చెన్నై రైళ్లకి కొదవ ఉండదు. సెంట్రల్ నుంచి రేవుకి ఆటోలో కొద్ది దూరమే.

అదే రోజు పొద్దున బయల్దేరి వెళ్లొచ్చా అంటే, లెక్కకి వెళ్లొచ్చు. నేనైతే ముందు రోజే వెళ్తాను. బయల్దేరే సమయానికి గంటన్నర, రెండు గంటల ముందే చెకిన్ మూసేస్తారు. రైలు ఆలస్యమైందని నౌక ఆగదు. చెన్నైలో ఒక రాత్రి గదికి పెట్టే డబ్బు, మొత్తం టికెట్ పోగొట్టుకోవడం కన్నా ఎంతో తక్కువ. సెంట్రల్, ఎగ్మోరు చుట్టుపక్కల శుభ్రమైన మామూలు లాడ్జిలు దొరుకుతాయి. చుట్టాలింట్లో దిగితే అదీ మిగులే, కాకపోతే వాళ్ల ఇల్లు తాంబరం అవతల ఉంటే లాడ్జే నయం.

మేము శాకాహారులం. శనివారాలు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టం. తిండికి ఇబ్బంది పడతామా?

భారతీయ నౌకలో పడరు. శాకాహారం విడిగా ఉంటుంది, జైన భోజనం అడిగితే పెడతారు. జైన భోజనంలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు కాబట్టి శనివారం ఒక్కపొద్దు వాళ్లకి అదే దారి. బుక్ చేసేటప్పుడే ఆ సంగతి రాయించండి, ఎక్కిన రోజు రెస్టారెంట్‌లో మళ్లీ చెప్పండి. పొద్దున ఇడ్లీ, దోసె, ఉప్మా లాంటివి మామూలే. మన కారం మాత్రం ఆశించకండి. వంట ఉత్తరాది చేతుల్లో ఉన్నట్టు తెలిసిపోతుంది.

బఫే, ప్రధాన భోజనశాల టికెట్‌లోనే కలిసి ఉంటాయి. ప్రత్యేక రెస్టారెంట్లు, మద్యం, సీసా నీళ్లు, కొన్ని చోట్ల కాఫీ కూడా విడిగా డబ్బులు. డ్రింక్స్ ప్యాకేజీ కొనమని ఎక్కగానే వెంటపడతారు. ఇద్దరూ మందు తాగనివాళ్లయితే ఆ మాట అక్కడే తెంచేయండి. బయట వండిన తిండి చాలా నౌకలు పైకి రానివ్వవు. ఆవకాయ డబ్బా తీసుకెళ్లాలనుకుంటే ముందు కస్టమర్ కేర్‌ని అడగండి. సెక్యూరిటీ దగ్గర చెత్తబుట్టలో వేయాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

నాకు ఘాట్ రోడ్డులోనే వాంతులవుతాయి. నౌకలో ఎలా?

తిరుమల ఘాట్‌లో కడుపు తిప్పేవాళ్లకి నౌకలోనూ తిప్పుతుందని ఖాయంగా చెప్పలేం, ఎందుకంటే నౌక ఊపు మలుపుల్లా గబుక్కున ఉండదు. పెద్ద నౌకలకి నీళ్లలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, పక్కలకి ఊగడాన్ని చాలావరకు ఆపుతాయి. అయినా రుతుపవనాల సముద్రం అంటే కొంత ఊపు ఖాయమనుకునే సిద్ధపడాలి.

అవోమిన్ లాంటి మాత్రలు వాంతి మొదలయ్యాక కన్నా ముందే వేసుకుంటే పని చేస్తాయి. నిద్ర మత్తు వస్తుంది. బీపీ, షుగర్, ఆస్తమా మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకూడదు. ఖాళీ కడుపుతో ఉండకండి, నిండా తినకండి. తిప్పడం మొదలైతే గదిలో పడుకుని ఫోన్ చూడొద్దు. డెక్ మీదకొచ్చి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతని చూస్తూ నిలబడండి. అల్లం మురబ్బా కొందరికి పని చేస్తుంది, చిన్న ప్యాకెట్ దగ్గరుంచుకున్నా పోయేదేం లేదు.

ఈత రాదు. భయమేస్తుంది.

ఈత రానివాళ్లే ఎక్కువమంది ఎక్కుతారు. నౌక బయల్దేరే ముందు భద్రతా కసరత్తు ఉంటుంది. ఏ గంట మోగితే ఎక్కడికి రావాలో, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపిస్తారు. టైటానిక్ ప్రమాదం తర్వాత 1914లో మొదలైన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఇవన్నీ తప్పనిసరి. ఆ అరగంట సెల్ఫీలు మానేసి వినండి.

సముద్రం దాటకూడదని మా అత్తగారు అంటున్నారు.

వాదన పెట్టుకోకండి. ఆ నిషేధం మాట పాతదే, కానీ వాళ్ల మనవళ్లే అమెరికాలో ఉన్నారని గుర్తు చేయడమూ మర్యాద కాదు. యాత్రలో గుడి ఉందని చెప్పి చూడండి. శ్రీలంకలో ట్రింకోమలీ దగ్గర కొండ అంచున సముద్రం మీదికి ఉండే కోనేశ్వరం శివాలయం, జాఫ్నాలో నల్లూరు కందస్వామి గుడి పేరున్నవి. మలేసియా వైపు వెళ్తే బతు గుహల దగ్గర 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం, 272 మెట్లు. మన ప్రాంతంలో తిరుత్తణి మొక్కులున్న ఇళ్లకి ఆ మాట చెవికెక్కుతుంది. మీ నౌక ఆ రేవుల్లో ఆగుతుందో లేదో, ఆగితే టైమ్ చాలుతుందో లేదో చూసుకునే చెప్పండి సుమా.

చెన్నైలో ఎక్కాలా, సింగపూర్ వెళ్లి ఎక్కాలా?

నౌక కోసమే వెళ్తుంటే సింగపూర్‌దే పైచేయి. కొత్త పెద్ద నౌకలు, బోలెడు తేదీలు, మూడు నాలుగు రాత్రుల్లో మలేసియాలోని పెనాంగ్, పోర్ట్ క్లాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ లాంటి రేవులు. ఒక్కోసారి అక్కడి నౌక టికెట్ మన టికెట్‌కన్నా చవగ్గా కనిపిస్తుంది. మోసపోయేది ఇక్కడే. చెన్నై నుంచి నాలుగు గంటల పైచిలుకు విమానం, వీసా, నౌక ఎక్కే ముందు ఒక రాత్రి హోటల్ కలుపుకోవాలి. సింగపూర్‌లో హోటల్ చవక కాదు. విదేశీ నౌకల్లో సిబ్బందికి గ్రాట్యుటీ (టిప్పు) అని ఒక్కో మనిషికి రోజుకి సుమారు 15 నుంచి 20 డాలర్లు బిల్లులో వేస్తారు. ఇద్దరికి నాలుగు రాత్రులంటే అదే వంద డాలర్లు దాటుతుంది. విదేశీ టూర్ ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా పట్టుకుంటారు. అది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది కానీ, కట్టేటప్పుడు చేతిలో ఉండాలి.

సింగపూర్ వీసా అధీకృత ఏజెంట్ల ద్వారా వేయాలి. నౌక మలేసియా వెళ్లి తిరిగి సింగపూర్‌కే వస్తుంది కాబట్టి ఒక్కసారి ప్రవేశానికి పనికొచ్చే వీసా చాలదు, మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో కాగితం మీద చూసుకోండి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డ్ నింపాలి, దానికి రుసుము లేదు. రుసుము అడిగే వెబ్‌సైట్ అసలుది కాదని అర్థం. ఇంకొకటి, అక్కడ క్రూయిజ్ టెర్మినళ్లు రెండు. మరీనా సౌత్ పియర్ మెట్రో స్టేషన్ దగ్గర ఒకటి, హార్బర్‌ఫ్రంట్ దగ్గర ఇంకొకటి. మీ టికెట్ మీద ఏది ఉందో చూసే టాక్సీ ఎక్కండి.

తొలిసారి, తక్కువ డబ్బు, పాస్‌పోర్ట్ మీద ఇంకా ఒక్క ముద్రా లేని జంటకి నా ఓటు చెన్నైకే.

నౌకలో డబ్బు ఎలా ఖర్చవుతుంది?

నగదు చేతులు మారదు. గది తాళంగా ఇచ్చే కార్డే అన్నిటికీ గీకుతారు, చివర్లో బిల్లు వస్తుంది. ప్రమాదం కూడా అక్కడే. డబ్బు జేబులోంచి పోతున్నట్టు అనిపించదు. రోజూ రాత్రి గది టీవీలోనో రిసెప్షన్‌లోనో ఆ రోజు బిల్లు చూసుకోండి. విదేశీ నౌకలో మీ క్రెడిట్ కార్డు మీద డాలర్లలో పడితే, బ్యాంకు మార్పిడి రుసుము సాధారణంగా 2 నుంచి 3.5 శాతం, దాని మీద జీఎస్టీ. డెబిట్ కార్డు ఇస్తే ముందే కొంత మొత్తం ఆపి పెడతారు, అది తిరిగి విడుదలవడానికి రోజులు పడుతుంది. సంసారం నడిపే ఖాతా కార్డు ఇవ్వకండి.

క్యాసినో చూడ్డానికి వెళ్లాలనిపిస్తే వెళ్లండి, కార్డు మాత్రం గదిలో పెట్టి వెళ్లండి.

ఫోన్ పని చేస్తుందా?

తీరం కనిపించినంతసేపు. తర్వాత నౌకకి ఉపగ్రహం ద్వారా సొంత నెట్‌వర్క్ ఉంటుంది, మీ ఫోన్ చెప్పాపెట్టకుండా దానికి తగులుకుంటుంది. మామూలు రోమింగ్ ప్యాక్‌లలో చాలావాటికి అది వర్తించదు. రాత్రి వాట్సాప్ బ్యాకప్ నడిచినా నెలాఖరు బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, కావాలంటే వైఫై కొనుక్కోండి. రెండు రోజులు ఫోన్ అందదని ఇంట్లో చెప్పి వెళ్తే అదీ అక్కర్లేదు.

రేవులో దిగాక సంస్థ టూరే తీసుకోవాలా?

రేవును బట్టి. పెనాంగ్‌లో నౌక ఊరి పక్కనే ఆగుతుంది. యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న జార్జ్‌టౌన్ కాలినడకన తిరగొచ్చు, లిటిల్ ఇండియాలో దోసె తిని మహామారియమ్మన్ గుడి చూసి రావచ్చు. టూర్ డబ్బులు దండగ. పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ గంటకి పైగా దూరం. అక్కడ సొంతంగా వెళ్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే నౌక వెళ్లిపోతుంది. సంస్థ బస్సు ఆలస్యమైతే నౌక ఆగుతుంది, మీ టాక్సీ ఆలస్యమైతే ఆగదు. ఊరికి దూరంగా ఉన్న రేవులో సంస్థ టూర్, ఊళ్లోనే ఉన్న రేవులో సొంత కాళ్లు. సొంతంగా వెళ్లినా, రమ్మన్న సమయానికి గంట ముందే రేవు గేటు దగ్గర ఉండండి. లక్షద్వీప్ లాంటి చోట్ల చిన్న పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్తారు, సముద్రం బాగాలేకపోతే అసలు దించరు.

దించకపోతే డబ్బులు వెనక్కిస్తారా?

టికెట్ డబ్బులు ఇవ్వరు. వాతావరణాన్ని బట్టి రేవు మార్చే, వదిలేసే అధికారం కెప్టెన్‌ది, ఆ మాట మీరు సంతకం పెట్టిన నిబంధనల్లోనే ఉంటుంది. ఆ రేవు ఛార్జీలు, సంస్థ టూర్ డబ్బులు వెనక్కి రావచ్చు. విదేశీ యాత్రకి ప్రయాణ బీమా తప్పక తీసుకోండి. నౌకలో డాక్టర్ ఉంటారు, ఫీజు మాత్రం మన వీధి చివర క్లినిక్‌లా ఉండదు.

మా ఆవిడకి ఐదో నెల. వెళ్లొచ్చా?

చాలా సంస్థలు 24 వారాలు నిండిన గర్భిణులను ఎక్కించవు. యాత్ర ముగిసే రోజుకి లెక్క వేస్తారు, బయల్దేరే రోజుకి కాదు. డాక్టర్ ఉత్తరం అడుగుతారు. సముద్రం మధ్యలో ప్రసూతి ఆసుపత్రి ఉండదు. ఈసారికి ఆగండి.

ఏం బట్టలు, ఏం సామాను?

నూలు బట్టలు, గాలికి చలేయకుండా ఒక శాలువా, ఫొటోల రాత్రికి ఒక మంచి చీర, ఒక చొక్కా. కొలనులో దిగాలంటే ఈత దుస్తులే ఉండాలి, నూలు టీ షర్టుతో దిగనివ్వరు. ఇస్త్రీపెట్టె, కెటిల్, మద్యం సీసా పట్టుకుంటే సెక్యూరిటీ తీసేసుకుంటుంది. పెద్ద సంచి రేవులోనే తీసుకుని సాయంత్రానికి గదికి చేరుస్తారు కాబట్టి మందులు, పాస్‌పోర్ట్, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి.

క్రూయిజ్ కూడా మా బడ్జెట్‌లో లేదు. ఇంకేమైనా ఉందా?

చెన్నై నుంచి అండమాన్‌కి ప్రభుత్వ ప్రయాణికుల ఓడలున్నాయి. బంక్ తరగతి చవకే. కానీ దాదాపు మూడు రోజులు పడుతుంది, వినోదం ఏమీ ఉండదు, బయల్దేరే తేదీలు ముందే ఖాయంగా తెలియవు. అది రవాణా ఓడ, విహార నౌక కాదు. జంటగా సరదాకి ఐతే గోదావరి మీద పాపికొండల లాంచీ ప్రయాణమో, అలెప్పీలో ఒక రాత్రి హౌస్‌బోటో చాలా నయం. శబరి ఎక్స్‌ప్రెస్‌లో కొట్టాయం దిగితే అలెప్పీ దగ్గరే.

దిగే రోజు ఎలా ఉంటుంది? తిరుగు రైలు ఎన్ని గంటలకి పెట్టుకోవాలి?

ముందు రాత్రే సంచులు గది బయట పెట్టమంటారు. మీరే మోసుకుని దిగుతామంటే త్వరగా వదులుతారు, తక్కువ సామానున్న జంటకి అదే మేలు. బిల్లు కాగితం గదిలోకి వచ్చాక ఒక్కో అంకె చూసుకోండి. మీరు తాగని డ్రింకు అందులో ఉంటే దిగకముందే రిసెప్షన్‌లో తీయించాలి, ఇంటికొచ్చాక ఎవరూ వినరు. శ్రీలంక నుంచి వస్తే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ క్యూలు కూడా ఉంటాయి. కాబట్టి పొద్దున రైలుకి రిజర్వేషన్ వద్దు. మధ్యాహ్నం తర్వాతి రైలుకే చేయించుకోండి. త్వరగా బయటపడితే మాధవరం బస్టాండ్‌కి వెళ్లి తిరుపతి బస్సెక్కేయొచ్చు, రైలు టికెట్ రద్దు చేస్తే పోయేది కొద్దిగానే.